కడిగిన తోట

చదివే అందరికీ వందనాలు. నా రాతలో ఒత్తులు తప్పుతాయి, దీర్ఘం ఉండాల్సిన చోట ఉండదు. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్న చెయ్యి, నెమ్మదిగా కదులుతుంది. పత్రికలో వాళ్ళు ఓపిగ్గా దిద్ది వేస్తున్నారు. పోయిన వారం భాగం చిన్నదైపోయిందని కొందరు అన్నారట. క్షమించాలి. ఈసారి కొంచెం ఎక్కువ రాశాను.

కథ ఎక్కడ ఆగిందో చెబుతాను. భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఒక ఊరు. అక్కడ గురువమ్మకీ, ఆమె మరిది పోలిరాజుకీ మామగారి ఇసక నేల చెరిసగం వచ్చింది. మధ్యలో గట్టు, ఆ గట్టు మీద ఇద్దరికీ ఉమ్మడి బావి. ఒక రోజు వీళ్ళ వంతు, ఒక రోజు వాళ్ళ వంతు. ఆ నేలలో ప్లాట్లు వెయ్యాలని రమణమూర్తి అనే లేఅవుటు ఆయన తిరుగుతున్నాడు. రెండు ముక్కలూ కలిపి ఇస్తేనే తీసుకుంటానన్నాడు. పోలిరాజు సరేనన్నాడు, గురువమ్మ ఇవ్వనంది. గొడవ పెద్దదై చివరికి ఇంట్లో కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఈ కార్తీకంలో గురువమ్మ వంగతోట కాసి, కాయ బజారుకెళ్తే అమ్మకం మాట ఇంకెవరూ ఎత్తకూడదు. తోట పోతే గురువమ్మ అడ్డు చెప్పకూడదు. గురువమ్మ భర్త కొండలరావు విశాఖ హార్బరులో బోటు మీద వేటకెళ్తాడు. ఆయన మధ్యలో కూర్చుని, మా ఆవిడ మాటే నా మాట అన్నాడు.

ఆ తర్వాత తుఫాను వచ్చింది. గాలే గానీ వాన లేని తుఫాను. సముద్రం నీటి తుంపర ఎగిరి వచ్చి తోటల మీద పడింది. మర్నాడు కరెంటు రాగానే గురువమ్మ, కూతురు శ్రీవల్లి కలిసి బావి నీళ్ళతో ఆకులన్నీ కడిగారు. అయినా తోట మాడిపోయింది. గట్టు అవతల పోలిరాజు వంగతోట మాత్రం పచ్చగా నిలబడి ఉంది. పోలిరాజు అరుగు మీద మందు కొట్టే ట్యాంకు గురువమ్మ కంటపడింది. అక్కడ ఆపాను.

* * *

గురువమ్మ మాడిన ఆకులు తెంపి కొంగులో వేసుకుంది. ఆకు అంచు చుట్టూ నిప్పు తగిలిన కాగితంలా గోధుమ రంగు తిరిగింది. పూత ఎప్పుడో రాలిపోయింది. పిందె మీద వేలు పెడితే తొడిమతో సహా ఊడి వస్తోంది. కార్తీకంలో నీచు మానేసేవాళ్ళు ఎక్కువ. భీమిలి సంతలో వంకాయకి ఆ నెలంతా గిరాకీ. ఆ నెలని నమ్ముకుని నారు పోసింది. మృగశిర పొడిగా పోతే ఆగింది. ఆరుద్రలో నాలుగు చినుకులు పడితే నారు పోసింది. ఆ మర్నాడే మడి కొట్టుకుపోయేంత వాన కురిసి, తర్వాత మబ్బన్నదే లేదు. రెండోసారి పోసిన నారు ఇది. బావి నీళ్ళే పెట్టి బతికించుకుంది.

గట్టు ఎక్కి అవతలికి చూసింది. గాలికి గట్టు తెలుసా? ఇద్దరి తోటల మీదా ఒకే గాలి వీచింది. ఒకటి మాడి ఒకటి పచ్చగా ఉందంటే మధ్యలో ఒక మనిషి చెయ్యి ఉండాలి. ఆ చెయ్యి ఎవరిదో గురువమ్మకి అనుమానం లేదు.

పోలిరాజు మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అతని భార్య దేవి అరుగు మీద మునగాకు దూస్తోంది. గురువమ్మ ఆ గుమ్మంలోకి వచ్చి చాలా కాలమైంది. దేవి చేతులు ఆగాయి.

"ఏటొదినా, గట్టు దాటి ఒచ్చినావు? దాటొద్దని నువ్వే కదా అన్నావు" అన్నాడు పోలిరాజు.

"నిన్ను దాటొద్దన్నాను. నన్ను కాదు. ఆ టేంకులో ఏటుంది?"

"ఏటీ నేదు. కాళీ."

"మొన్న ఏటుండేది?"

"వేపనూని. పురుగు పడితే కొట్టినాను. మూత తీసి వాసన సూసుకో."

గురువమ్మ నిజంగానే మూత తీసి ముక్కు పెట్టింది. వేపనూనె వాసనే వచ్చింది.

"కలుపు మందు కొట్టి, కడిగీసి, పైన వేపనూని పోత్తే ఇదే వాసన వత్తాది" అంది.

దేవి నవ్వింది. "అక్కకి మనింట్లో అన్నం పెట్టినా ముందు కోడికి ఏసి సూత్తాది."

"మీ ఇంటి కోడి కూడా మా పెరట్లోకొచ్చే తింతంది. దానికీ తెలుసు" అంది గురువమ్మ.

కొంగు విప్పి ఆకులు మంచం మీద పరిచింది. పోలిరాజు టీ గ్లాసు కింద పెట్టాడు. ఒక ఆకు తీసి వెలుగుకి పెట్టి చూశాడు. ఇంకొకటి తిప్పి చూశాడు. అతని ముఖంలో భయమేదైనా కనిపిస్తుందేమో అని గురువమ్మ కళ్ళార్పకుండా చూస్తోంది. భయం కనిపించలేదు. భయం లేకపోవడం ఆమెకి ఇంకా అనుమానంగా తోచింది. ముందే అన్నీ ఆలోచించుకుని కూర్చున్నవాడికి భయం ఎందుకు ఉంటుంది?

"రా" అన్నాడు పోలిరాజు.

"ఎక్కడికి?"

"నా తోటలోకి. నాను సంపుతానని భయమా? మీ తోటికోడలు కూడా వత్తాది."

ముగ్గురూ తోటలోకి వెళ్ళారు. పోలిరాజు తన మొక్క ఒకటి వంచి చూపించాడు. సముద్రం వైపున్న ఆకులకి అంచులు మాడి ఉన్నాయి. రెండో వైపు ఆకులు నవనవలాడుతున్నాయి. కొత్త చిగురు కూడా వేసింది.

"గాలి దెబ్బ నాకూ తగిలింది. అయితే ఒక పక్కే తగిలింది. గాలి అటునుంచే కదా వత్తాది. నీ తోటలో ఒక మొక్క సూపించు, ఒక పక్కే మాడింది."

గురువమ్మ వెనక్కి తిరిగి తన తోట చూసింది. చూడాల్సిన పని లేదు. ప్రతి మొక్కా చుట్టూరా మాడింది. లోపల, కింద, గాలి చేరని చోట కూడా.

"అందుకే అంతన్నాను. గాలి కాదు, మందు. చుట్టూ తిరిగి కొట్టినావు."

"చుట్టూ తిరిగి కొట్టింది నువ్వే వదినా. పైపు పట్టుకుని."

"నాను కడిగినాను."

"దేంతో కడిగినావు?"

మా తీరంలో ఇది పాత పద్ధతి. సముద్రపు గాలి తోట మీద పడితే ఎండెక్కేలోపు మంచినీళ్ళు కొట్టి ఆకు మీద ఉప్పు దించెయ్యాలి. అప్పట్లో కుండలతో నీళ్ళు మోసి చీపురుతో చిలకరించేవారు. ఇప్పుడు మోటారు, పైపు. గురువమ్మ అత్తగారు చేసింది, గురువమ్మ చేసింది. పోలిరాజు ఎప్పుడూ చెయ్యలేదు. అతనికి బద్ధకమని ఊరంతా అంటుంది.

పోలిరాజు బావి దగ్గరికి నడిచాడు. బావి సగానికి పైగా ఖాళీ, గోడల మీద పాత నీటి గుర్తులు ఒకదాని కింద ఒకటి గీతల్లా ఉన్నాయి. చేద వేసి తోడాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున ఇసక రేణువులు కనిపిస్తున్నాయి.

"నోట్లో పోసుకో" అన్నాడు.

గురువమ్మ కదల్లేదు. దేవి ముందుకొచ్చి, మునగాకు గిన్నె చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో నీళ్ళు పట్టి పుక్కిలించి ఉమ్మేసింది. "కోడికి పెట్టినాం అక్కా. ఇంక నువ్వు సూడు."

గురువమ్మ దోసిలి పట్టింది. నాలుకకి తగలగానే ముఖం పక్కకి తిప్పుకుంది. చారులో రెండుసార్లు ఉప్పు వేసినట్టుంది. మళ్ళీ తాగి చూసింది. మూడోసారి చేద వంచి పట్టుకుని, పోలిరాజు ఏమైనా కలిపాడేమో అని అడుగంతా చేత్తో తడిమింది. ఇసకే.

రోహిణి కార్తె ఎండల్లో కూడా ఈ బావి నీళ్ళు తియ్యగా ఉండేవి. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో ఊరివాళ్ళు బిందెలతో వచ్చేవారు. ఇంటికి కుళాయి వచ్చాక బావి నీళ్ళు నోట్లో పోసుకున్నవాళ్ళు లేరు. తోటకి పెట్టేవాళ్ళే. వానలు పడక నేలలో తీపి నీరు దిగిపోయింది. రోడ్డు వెంట కట్టిన కొత్త ఇళ్ళ బోర్లు రాత్రింబవళ్ళు లాగుతున్నాయి. పైనుంచి తీపి నీటి బరువు తగ్గితే కిందనుంచి సముద్రం లోపలికి వస్తుంది. ఇసక కింద అది నడిచి వచ్చింది ఎవరికీ కనపడలేదు.

గురువమ్మ బావి చప్టా మీద కూర్చుంది. ఆకు మీద కొంచెం ఉప్పుంటే, దాన్ని దించడానికి బావెడు ఉప్పు తెచ్చి పోసింది. ఎండలో. ఆకు అడుగు కూడా వదలకుండా. వేరుకి పెట్టిన ఉప్పు నీళ్ళని మొక్క ఇన్నాళ్ళూ ఎలాగో ఓర్చుకుంది, ఆకు ఓర్చుకోలేదు.

కానీ కూర్చున్నా ఆమె బుర్ర ఆగలేదు.

"నీకెప్పుడు తెలిసింది?" అంది.

పోలిరాజు దేవి వైపు చూశాడు. దేవి చెప్పింది. "గాలి కొట్టిన మర్నాడు కరెంటు నేదు కదా. కుళాయి రాలేదు. పొద్దున్నే ఒచ్చి చేదతో తోడుకెళ్ళి అన్నం ఒండినాను. ఈయన ఒక ముద్ద పెట్టుకుని కంచం తోసీసినాడు. నాను వారం రోజుల కోపం ఏదో తీర్సుకుంతన్నాడనుకున్నాను. నాను తిని సూత్తే తెలిసింది."

"మేం కడిగింది మద్దేనం. కరెంటొచ్చినాక."

"అవును."

"అంటే పొద్దున్నే మీకు తెలుసు. మద్దేనం నాను మోటారేసి తోట తడుపుతుంటే, ఆ మంచం మీద కూకుని సూసినావు పోలిరాజూ. నాకు గుర్తుంది. టీ తాగుతా సూసినావు."

"సూసినాను."

"ఒక్క కేకేస్తే ఆగిపోదును."

"నాతో మాటాడొద్దన్నావు. నాను నోరిప్పితే పోలిరాజు తోట కడగనీకండా ఆపుతన్నాడని ఊరంతా సెప్పుదువు. అవునా కాదా?"

అవునని గురువమ్మకీ తెలుసు.

"అదొకటే కాదొదినా" అన్నాడు పోలిరాజు, ఈసారి గొంతు తగ్గించి. "మోటారు సప్పుడు ఇనగానే దీన్నడిగినాను, బావి ఉప్పెక్కిందని వాళ్ళకి తెల్దా అని. తెలుసు, సెప్పినానంది. తెలిసి కూడా కడుగుతన్నారంటే మీ లెక్క మీకుందనుకున్నాను."

"ఎవులికి సెప్పింది?"

దేవి మునగాకు గిన్నె ఇంకా చంకలోనే ఉంది. దాన్ని అటూ ఇటూ మార్చింది. "శ్రీవల్లికి. పొద్దున్న ఈ గట్టు మీదే కనపడింది. నీళ్ళు ఉప్పుగున్నాయి, తోటకి కొట్టొద్దని మీయమ్మకి సెప్పమ్మా అన్నాను. అలగే పిన్నీ అంది."

"అబద్దం."

"అబద్దమాడితే నాకేటొత్తాది?"

"భూమొత్తాది."

"భూమొత్తాది, నిజవే. అందుకే నాను సెప్పకండా నోరు మూసుకోవాల. సెప్పీసినాను. అదీ నా తెలివి. ఈయన ఆ రోజు నుంచి నన్ను తిడతానే ఉన్నాడు" అంది దేవి.

పోలిరాజు నేల చూస్తున్నాడు. తిట్టిన మాట నిజమేనని ఆ చూపులోనే తెలిసింది. గురువమ్మ లేచి, ఇంకేమీ అడక్కుండా, చేదలో మిగిలిన నీళ్ళు చెంబులో ఒంపుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

* * *

శ్రీవల్లి భీమిలిలో మందుల షాపులో పని చేస్తుంది. సాయంత్రం బస్సుకి వస్తుంది. అప్పటిదాకా గురువమ్మకి పొయ్యి వెలిగించాలనిపించలేదు. దేవి మాట నమ్మడమా మానడమా అని ఒకటే తిప్పుకుంది. తల్లీ కూతుళ్ళ మధ్య పుల్ల పెట్టడానికి ఇంతకంటే మంచి మాట ఏముంటుంది? తోట పోయింది, ఇప్పుడు ఇల్లు కూడా రెండుగా చీలితే భూమి దానంతటదే జారుతుంది. పోలిరాజుకి అంత ఆలోచన లేకపోవచ్చు. రమణమూర్తికి ఉంటుంది.

అలా అనుకుని కాసేపు ఊపిరి పీల్చుకుంది. కానీ ఆ మధ్యాహ్నం కళ్ళముందుకొచ్చింది. మోటారు వెయ్యబోతుంటే శ్రీవల్లి, "రేపు కడుగుదామమ్మా, ఎండగుంది" అంది. గురువమ్మ కసిరింది. పైపు కొస పట్టుకుని శ్రీవల్లి నీళ్ళు మొక్కల మీదికి కాకుండా మొదట్లోకి వదుల్తుంటే, "ఆకు మీద కొట్టు, ఆకు మీద" అని అరిచి తనే పైపు లాక్కుంది. నీళ్ళు ఎగిరి ఇద్దరి ముఖాల మీదా పడ్డాయి. పెదాలకి ఉప్పు తగిలే ఉంటుంది. కానీ ఆ రోజు గాలికి తలుపులు, గిన్నెలు, ఆరేసిన బట్టలు, అన్నీ ఉప్పే. ఎవరికి తెలుస్తుంది? శ్రీవల్లి చున్నీ తీసి నోటికి అడ్డంగా కట్టుకుంది. ఎండకి అనుకుంది గురువమ్మ.

ఎండకేనా?

వెలుగు ఉండగానే శ్రీవల్లి వచ్చింది. చెప్పులు విడిచి, బ్యాగు మేకుకి తగిలించి, "అమ్మా, గొంతెండిపోతంది. బస్సులో నిలబడ్డానికే చోటు నేదు" అంది.

గురువమ్మ చెంబు తెచ్చి చేతికిచ్చింది. ఎదురుగా పీట మీద కూర్చుంది.

శ్రీవల్లి చెంబు ఎత్తింది. నోటిదాకా వెళ్ళిన చెంబు ఆగింది. తల్లి ముఖం చూసింది, చెంబులోకి చూసింది, నెమ్మదిగా దించింది.

"కుళాయి నీళ్ళు నేవేటమ్మా?"

"తాగు."

"తర్వాత తాగుతాను."

"గొంతెండిపోనాదన్నావు."

శ్రీవల్లి చెంబు కింద పెట్టింది. "ఇవి బావి నీళ్ళు కదా."

"సూత్తే తెలుత్తాదేటి?"

తెలియదు. స్టీలు చెంబులో ఏ నీళ్ళైనా ఒకటే. శ్రీవల్లికి కూడా ఆ మాట అప్పుడే అర్థమైంది. గోడకి చేరబడి కూర్చుని రెండు చేతులతో ముఖం తుడుచుకుంది.

"పిన్ని సెప్పిందా?" అంది.

"పిన్ని నీకు సెప్పింది. నువ్వు నాకు సెప్పనేదు. ఎందుకు, వల్లీ? ఆ రమణమూర్తి నీకేటి ఆశ పెట్టినాడు?"

"ఆయన్ని నాను సూడనే సూడనేదు."

"మరి సిన్నాన్నా?"

"నాకు సెప్పినందుకు సిన్నాన్న తిడతన్నాడని పిన్ని ఏడ్సింది. వాళ్ళేటి సేత్తారు?"

"అయితే ఎవులు?"

శ్రీవల్లి చెంబుని పక్కకి జరిపింది. బయట పోలిరాజు ఆవుని లోపలికి తోలుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నీకే సెప్దామని లోపలికొచ్చినాను. అప్పుడే నాన్న ఫోను సేసినాడు, హార్బర్నుంచి. బావి ఉప్పెక్కిందంట, అమ్మ తోట కడుగుతానంతంది, ఏటి సెయ్యమంటావని అడిగినాను. కడగనీ అన్నాడు. సెప్పకు, కడగనీ అన్నాడు. ఎందుకు నాన్నా అంటే ఫోను పెట్టీసినాడు."

గురువమ్మకి ఆ మాట లోపలికి వెళ్ళడానికి సమయం పట్టింది. పోలిరాజు మీద పడాల్సిన కోపం, దేవి మీద, రమణమూర్తి మీద, కూతురి మీద పడాల్సిన కోపం ఎక్కడా నిలబడే చోటు లేక ఒక్కొక్కటే జారిపోయాయి. ఇంకొక మనిషి మిగిలాడు. ఆయన మధ్యలో కూర్చుని, మా ఆవిడ మాటే నా మాట అన్నాడు.

అప్పుడే శ్రీవల్లి ఫోను మోగింది. బ్యాగులో వెలుగుతోంది. శ్రీవల్లి తీసి చూసి తల్లికి చూపించింది. నాన్న.

"ఎత్తు" అంది గురువమ్మ. "స్పీకరు పెట్టు. నానిక్కడున్నానని సెప్పకు."

"అమ్మా, వద్దు."

"ఎత్తమన్నాను."

శ్రీవల్లి ఫోను ఎత్తి స్పీకరు నొక్కింది. ముందు ఇంజను చప్పుడు, మనుషుల కేకలు. తర్వాత కొండలరావు గొంతు.

"వల్లీ, ఒడ్డుకొచ్చీసినాం. మీయమ్మ పక్కనుందేటి?"

శ్రీవల్లి తల్లి వైపు చూసింది. గురువమ్మ తల అడ్డంగా ఊపింది.

"నేదు నాన్నా."

"తోట ఎలగుంది?"

"పోనాది."

"మొత్తవా?"

"మొత్తం నాన్నా. పిందె కూడా మిగల్లేదు."

అటువైపు ఇంజను ఆగిపోయింది. ఆయన ఊపిరి వదిలిన శబ్దం గదిలోకి వినిపించింది. ఏడుస్తున్నాడో తేలికపడ్డాడో తెలియలేదు.

"పోనీ. పోనీ వల్లీ. ఇంక నాను వేటకెల్లను. ఆ గాలిలో బోటు తిరగబడబోయింది. మొన్నొకటే కాదు, పోయినేడు కూడా. మీయమ్మకి నాను సెప్పనేదు. ముందు తెలిసీది, ఏ నెలలో సముద్రం ఎలగుంతాదో. ఇప్పుడు నాకేటీ తెల్డం నేదు. భూమి ఇచ్చీసి ఊళ్ళో కిరాణా కొట్టెట్టుకుంతాను. రమణమూర్తి గారికి మాట మీ సిన్నాన్న కంటే ముందు నానే ఇచ్చినాను. రేపు పొద్దున్న ఆయన్ని తీసుకుని వత్తన్నాను. అప్పటిదాకా మీయమ్మకి మాత్రం..."

గురువమ్మ చెయ్యి చాపి కూతురి చేతిలోంచి ఫోను తీసుకుంది.

"మీయమ్మ అంతా ఇన్నాది" అంది. "సెప్పు."

జయశీల, అరవై నాలుగేళ్ళు, ఇప్పుడు ఉంటున్నది ఉక్కునగరం.